మీకు తెలుసా? తోలు సంచి, దాంట్లో కెమెరా

తోలు ముందు కెమెరాలోనే ఉండేది

ఇప్పుడు మనం కెమెరా పెట్టుకోవడానికి తోలు సంచి వెతుకుతున్నాం. నూట ముప్పై, నూట నలభై ఏళ్ల కిందట తోలు కెమెరాలోనే ఒక భాగం. పాత చెక్క కెమెరాలో ముందున్న లెన్సుకూ వెనకున్న గాజు పలకకూ నడుమ, హార్మోనియం తిత్తిలా ముడుచుకుంటూ సాగే మడతలు ఉండేవి. వాటిలోంచి రవ్వంత వెలుతురు కూడా దూరకూడదు. వేలసార్లు ముడిచినా చిట్లకూడదు. పల్చగా చెక్కిన తోలుకు ఆ రెండు గుణాలూ ఉన్నాయి. రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచినప్పుడూ, 1892లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో పెట్టినప్పుడూ ఫోటో సామాను అంటే ఇలాంటి పెట్టెలు, గాజు పలకలు, మూడు కాళ్ల స్టాండ్లు. బయటికి కదలాలంటే మోసే మనుషులు కావలసిందే.

ఆ బరువు ఒక్క మనిషి భుజానికి తగ్గింది 1888లో. జార్జ్ ఈస్ట్‌మన్ అమెరికాలో అమ్మకానికి పెట్టిన మొదటి కొడాక్ కెమెరా ధర 25 డాలర్లు. నూరు ఫోటోలకు సరిపడే ఫిల్ము లోపలే చుట్టి ఉండేది. మోసుకుపోవడానికి తోలు కేసు కూడా ఆ ధరలోనే వచ్చేది. 1925లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో లైకా బయటికొచ్చాక చిన్న కెమెరాల కాలం మొదలైంది. వాటితోపాటు ఇంకో రకం కేసు వాడుకలోకి వచ్చింది. దాని మూత ముందుకు జారవిడిస్తే చాలు, కెమెరాను కేసులోంచి తీయకుండానే ఫోటో తీసుకోవచ్చు. మన స్టూడియోల్లో యాషికా కెమెరాకు తొడిగి మెడలో వేసుకున్న తోలు కేసుదీ ఆ జాతే. వెనక రెండు గుండీలు, ముందు ఒక టిచ్ బటన్, లోపల మెత్తటి ఎర్ర మఖమలు. ఆ తోలు వాసన ఎరిగినవాళ్లు మన ఊరు నకిరేకల్‌లో ఇంకా ఉన్నారు.

ఫిల్ముకూ తోలుకూ చుట్టరికం ఉంది

పశువు చర్మంలో ఉండే ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్. దాన్ని కుళ్లకుండా చెట్టు బెరడు రసంలో ఊరబెడితే తోలు అవుతుంది. నీళ్లలో ఉడకబెడితే జెలటిన్ అవుతుంది. 1871లో ఇంగ్లండు డాక్టరు రిచర్డ్ లీచ్ మాడాక్స్ వెండి లవణాలను జెలటిన్‌లో కలిపి గాజు పలక మీద పూసి చూపించిన నాటినుంచి, ఫిల్ము మీద బొమ్మను పట్టి ఉంచుతున్నది ఆ జెలటినే. అంటే తోలు కేసులో ఫిల్ము కెమెరా పెట్టుకున్న మనిషి ఒకే పదార్థపు రెండు రూపాలను మోస్తున్నట్టు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. కొన్ని జెలటిన్‌లతో చేసిన ఫిల్ములు వెలుతురును ఎక్కువగా పట్టుకుంటున్నాయి, కొన్ని పట్టుకోవడం లేదు. ఎందుకో చాలాకాలం అర్థం కాలేదు. 1920లలో కొడాక్ శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్ దాని గుట్టు పట్టాడు. పశువులు మేసిన ఆవ జాతి మొక్కల్లోని గంధకపు పదార్థాలు చాలా కొద్దిగా జెలటిన్‌లోకి చేరుతున్నాయి, ఫిల్ము చురుకుదనం వాటి చలవే అని తేల్చాడు. ఆవు ఏం మేసిందన్నది ఫోటోలో తేలిందన్నమాట.

మన ఎండలకు సంబంధించిన ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. నీళ్లు వేడెక్కితే ఫిల్ము మీది జెలటిన్ మెత్తబడి జారిపోతుంది. అందుకే వేడి ప్రాంతాల డార్క్‌రూముల్లో పటికో క్రోమ్ పటికో కలిపిన ద్రావణంలో ఫిల్మును ముంచి గట్టిపరిచేవాళ్లు. తోళ్ల కార్ఖానాలో క్రోమియం ఉప్పుతో చర్మాన్ని తోలు చేసేదీ ఇదే పద్ధతి. మే నెలలో డార్క్‌రూములో ఐసుగడ్డ పెట్టుకుని పనిచేసిన మనిషి, ఆ పనికి ఆ పేరుందని తెలియకపోయినా, చేసిన దానిలో కొంత తోలు ఊరబెట్టడమే.

సంచి కొనేముందు తూకం వేశారా?

తోలు సంచి కొనేవాళ్లలో ఎక్కువమంది ముందు రంగు చూస్తారు, తర్వాత ధర, ఆ తర్వాత కుట్టు. నేనైతే ముందు త్రాసు దగ్గరికి పొమ్మంటాను. కెమెరా సామాను పట్టే పూర్తి తోలు సంచి, లోపలి మెత్తలతో కలిపి, ఖాళీగానే ఒకటిన్నర నుంచి రెండు కిలోలు తూగుతుంది. అంత సామాను పట్టే గుడ్డ సంచి చాలాసార్లు అందులో సగమే ఉంటుంది. తోలు అందం తెచ్చిపెడుతుంది, వయసుతోపాటు నిగ్గు తేలుతుంది, కానీ ఆ అందం బరువును భుజం రోజంతా మోయాలి.

పెళ్లిళ్లు తీసేవాళ్ల సామాను లెక్క చూద్దాం. కెనాన్ 5డి మార్క్ 4 బ్యాటరీతో కలిపి 890 గ్రాములు. 24-70 ఎఫ్ 2.8 రెండో రకం లెన్సు 805 గ్రాములు. 70-200 ఎఫ్ 2.8 పెద్ద లెన్సు దాదాపు కిలోన్నర. ఈ మూడే 3 కిలోల 180 గ్రాముల దాకా వచ్చాయి. ఫ్లాష్, దాని సెల్లులు, అదనపు బ్యాటరీలు, చార్జరు వేస్తే ఇంకో అరకిలో పైన. దీనికి రెండు కిలోల తోలు సంచి కలిపితే ఆరు కిలోల దగ్గరికి చేరుతుంది. ఎదురుకోళ్ల దగ్గర మొదలుపెట్టి అప్పగింతల దాకా ఒక్క భుజం మీద ఆరు కిలోలంటే మరునాడు మెడ తిరగదు. ఈ సామానుకు తోలు సంచి వద్దు. రెండు భుజాలకూ తగిలించుకునే మందపాటి గుడ్డ బ్యాగే సరి. తోలు మీద ఎంత ఇష్టమున్నా ఈ మాట మార్చుకోలేను.

ఇప్పుడు ఇంకో లెక్క. కాలేజీ పిల్లలు మొదట కొనుక్కునే కెనాన్ 1500డి 475 గ్రాములు. దాంతో వచ్చే 18-55 లెన్సు 200 గ్రాములు, 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు 160 గ్రాములు. అంతా కలిపి కిలో కూడా కాలేదు. ఫూజీ ఎక్స్-టి30, దానికి 35 ఎఫ్ 2 లెన్సు పెట్టుకున్నవాళ్ల సామాను 550 గ్రాములే. తోలు సంచి చేసింది ఇలాంటివాళ్ల కోసమే. ఒక బాడీ, రెండు చిన్న లెన్సులు, నోటుబుక్కు, నీళ్ల సీసా (నీళ్ల సీసాకు బయట జేబు ఉండాలి, లోపల కాదు). దీనికి తోలు సంచి బరువు కలిసినా భుజం నొప్పి పెట్టదు.

కొలత బయటిది కాదు, లోపలిది

కొట్లో చెప్పే కొలతలు, పెట్టె మీద రాసే కొలతలు చాలాసార్లు బయటివి. తోలు మందం, దాని వెనక ఫోము, అస్తరు గుడ్డ కలిసి ఒక్కో పక్కన ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర దాకా తినేస్తాయి. బయట 30 సెంటీమీటర్లున్న సంచి లోపల 27 ఉంటే సంతోషించాలి.

ఇంట్లో నేల మీద పేపరు పరవండి. మీ కెమెరాను, రోజూ తగిలించి ఉంచే లెన్సుతో సహా, లెన్సు కిందికి వచ్చేలా నిలబెట్టండి. పక్కన మిగతావి పేర్చండి. నడుమ వేలు మందం ఖాళీ వదిలి చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. ఆ గీత పొడవు, వెడల్పు మీకు కావలసిన లోపలి కొలత. ఎత్తు వేరుగా కొలవాలి, సంచికి కావలసిన లోతు అదే. ఇందాక చెప్పిన పెద్ద కెమెరాకు 24-70 తగిలిస్తే లోతు 18, 19 సెంటీమీటర్లకు వస్తుంది. 70-200 లెన్సు ఒక్కటే 20 సెంటీమీటర్లు, దాని హుడ్ తిప్పి పెడితే అడ్డం కూడా పెరుగుతుంది. సన్నగా, ముచ్చటగా, ఆఫీసు బ్యాగులా కనపడే తోలు సంచులు లోతులో 10, 12 సెంటీమీటర్లే ఉంటాయి. వాటిలో లెన్సు తగిలించిన కెమెరాను పడుకోబెట్టాలి తప్ప నిలబెట్టలేం. పడుకోబెట్టిన కెమెరా బయటికి రావడానికి రెండు చేతులు కావాలి.

ఆ పేపరు మడిచి కొట్టుకు తీసుకుపోండి. ఇంకా మంచిది, కెమెరానే తీసుకుపోండి. పెట్టి చూడనివ్వని కొట్లో కొనాల్సిన పనిలేదు.

బకిళ్లు కొన్నిసార్లు బొమ్మలే

తోలు సంచి ముందు రెండు పట్టీలు, రెండు ఇత్తడి బకిళ్లు ఉంటాయి. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు వాటిని విప్పుకుంటూ కూర్చుంటే ఘడియ దాటిపోతుంది. అందుకే చాలా సంచుల్లో బకిల్ కింద దాగి ఒక టిచ్ బటనో అయస్కాంతమో ఉంటుంది. పైకి బకిల్ కనిపిస్తుంది, చేతికి మాత్రం ఒక్క లాగుడుతో తెరుచుకుంటుంది. అయస్కాంతం వల్ల మెమరీ కార్డులోని ఫోటోలు పోతాయన్న భయం వద్దు. పాత ఆడియో క్యాసెట్టులో పాట అయస్కాంతపు గుర్తులుగా ఉండేది కాబట్టి దానికి ఆ భయం నిజం. మెమరీ కార్డులో ఫోటో విద్యుత్తు రూపంలో నిలిచి ఉంటుంది, సంచి గుండీలోని అయస్కాంతం దాన్ని తాకలేదు.

వెల్క్రో మూత వద్దు. మంత్రాలు ఆగిన క్షణంలో అది చేసే చప్పుడుకు పంతులు గారితో సహా అందరూ మీ వైపు తిరుగుతారు.

కెమెరా సంచికి తాత చేపల సంచి

తోలు అంచులు, మందపు గుడ్డ కలిపి చేసే బిల్లింగ్‌హామ్ సంచులు ప్రపంచంలో ఫోటోగ్రాఫర్లకు బాగా తెలిసినవి. ఆ ఇంగ్లండు కంపెనీ 1973లో మొదలైంది చేపలు పట్టేవాళ్ల సంచులతో. న్యూయార్కులో కొందరు ఫోటోగ్రాఫర్లు ఆ సంచులు కొని కెమెరాలు పెట్టుకుంటున్నారని తెలిశాక కంపెనీ దారి మార్చింది. అంతా తోలు కాకుండా అంచులకు, పట్టీలకు, అడుగుకు మాత్రమే తోలు వేసే ఈ పద్ధతి మన వాతావరణానికి కూడా నప్పుతుంది. రాపిడి తగిలే చోట తోలు, మిగతా చోట తేలిక గుడ్డ. నడి రకం సామాను ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే.

బతుకమ్మ పువ్వు చెట్టే తోలు చెట్టు

2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్న తంగేడు మనకు బతుకమ్మతోనే గుర్తు. నకిరేకల్ చుట్టుపక్కల గట్ల మీద, చెలకల ఒడ్లన, రాళ్ల సందుల్లో నీళ్లు పోయకుండానే అది పసుపు పచ్చగా పూస్తుంది. దాని పట్టలో, అంటే బెరడులో, టానిన్ అనే వగరు పదార్థం మెండుగా ఉంటుంది. ఆ పట్టను దంచి, నీళ్లలో వేసి, అందులో పచ్చి చర్మాన్ని రోజుల తరబడి ఊరబెడితే టానిన్ చర్మంలోకి దిగి కుళ్లకుండా కాపాడుతుంది. చివర్లో కరక్కాయ నీళ్లలో వేస్తే రంగు తేలుతుంది. ఊరబెట్టే ఆ తొట్టి పేరు లంద. మాదిగ వాడల్లో లందల దగ్గర తయారైన తోలుతోనే చెప్పులు, డప్పులు, ఎడ్ల పట్టెడలు, మోటబావి తొండాలు వచ్చాయి. కరెంటు మోటార్లు రాకముందు ఈ మెట్ట నేలలో బావి కింద పారిన మడుల్లో చాలావి ఆ తొండంలోంచి దిగిన నీళ్లతో పండినవే. ఆ విద్య చేతిలో ఉన్నవాళ్లను ఊరు దూరం పెట్టింది. వాళ్ల చేతి పనిని మాత్రం రోజూ వాడుకుంది. తోలు సంచి అందం గురించి రాస్తూ ఈ మాట రాయకుండా ఉండలేను.

పాత మద్రాసు రాజధాని ప్రాంతంలో తంగేడు పట్టతో ఊరబెట్టిన తోళ్లు ఓడలెక్కి ఇంగ్లండు చేరేవి. అక్కడి వ్యాపారులు వాటిని ఈస్ట్ ఇండియా తోళ్లు అనేవాళ్లు. తర్వాత తంగేడు చోటును దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన వాటిల్ చెట్టు పట్ట ఆక్రమించింది. 1948లో చెన్నైలో ఏర్పడ్డ కేంద్ర తోలు పరిశోధన సంస్థ తోలు ఊరబెట్టే పద్ధతుల మీద ఇవాళా పనిచేస్తోంది. కొట్లో ‘వెజ్ టాన్’, అంటే చెట్టు పట్టతో ఊరబెట్టింది, అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మే తోలు మన లంద విద్యకు అన్నో తమ్ముడో.

రెండో రకం క్రోమ్ తోలు. వారాలు పట్టే పని క్రోమియం ఉప్పుతో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. మార్కెట్లో ఎక్కువగా ఉన్నది ఇదే. మెత్తగా ఉంటుంది, నీళ్లను కొంచెం బాగా ఓర్చుకుంటుంది. చెట్టు పట్ట తోలు బిగువుగా ఉంటుంది, ఆకారం చెడకుండా నిలబడుతుంది, వాడేకొద్దీ రంగు ముదిరి మెరుస్తుంది. కెమెరా సంచికి అడుగు, పక్కలు నిలబడాలి కాబట్టి నా ఓటు పట్ట తోలుకే. వానలో ఎక్కువ తిరిగేవాళ్లు క్రోమ్ తోలు తీసుకున్నా తప్పులేదు.

రెక్సిన్‌కూ సినిమా రీలుకూ పాత స్నేహం

మనం తోలు కాని తోలును రెక్సిన్ అంటాం. నిజానికి అది ఒక బ్రిటిష్ కంపెనీ సరుకు పేరు. మాంచెస్టర్ దగ్గర తయారయ్యేది. నూలు గుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేట్ పూత పూసి, తోలు గీతలు పడేలా అచ్చు ఒత్తేవాళ్లు. తొలినాటి సినిమా రీళ్లూ, కెమెరా ఫిల్ములూ చేసింది కూడా ఆ సెల్యులోజ్ నైట్రేట్‌తోనే. ఇవాళ ఆ పేరుతో అమ్మేది పీవీసీ పూతో పీయూ పూతో ఉన్న గుడ్డ. పీయూ కొత్తలో అచ్చం తోలులా ఉంటుంది. గాలిలోని చెమ్మకు ఆ పూత కొన్నేళ్లలో విరిగి పొరలు పొరలుగా రాలుతుంది. రాలిన నలుసులు లెన్సు మీదికీ సెన్సారు మీదికీ చేరితే తుడుచుకోవడం పెద్ద పని.

గుర్తుపట్టే తీరు ఇది. కోసిన అంచు చూడండి, అసలు తోలయితే పీచు పీచుగా ఉంటుంది, గుడ్డ పోగులు కనిపించవు. బొటనవేలితో నొక్కితే చుట్టూ సన్నటి ముడతలు పడి మళ్లీ సర్దుకుంటాయి. అంతటా ఒకేలా, ఒక్క మచ్చ లేకుండా ఉంటే అనుమానించండి. పశువు ముళ్లకంపల్లో తిరిగి ఉంటుంది, ఆ గీతల గుర్తులు తోలు మీద ఉండటమే సహజం. ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్ర చూసి మాత్రం మురిసిపోవద్దు. తోలును అడ్డంగా చీల్చినప్పుడు వచ్చే కింది పొర మీద ప్లాస్టిక్ పూసినా ఆ ముద్ర వేసి అమ్ముతారు. చర్మం పైపొర చెక్కకుండా ఉంచిన తోలు, అంటే ‘ఫుల్ గ్రెయిన్’, అన్నిటికన్నా గట్టిది. కొట్లో ముందే ఆ మాట అడగండి.

పట్టీ సంచిని మోస్తుంది, కుట్టు పట్టీని మోస్తుంది

తోలు సంచి తెగేది తోలు దగ్గర కాదు, పట్టీ సంచిని కలిసే చోట. అక్కడ ఒక్క వరుస కుట్టు ఉంటే వద్దు. చదరంగా కుట్టి, లోపల అడ్డంగా గుణకారం గుర్తులా ఇంకో కుట్టు వేసి, రివెట్ కొట్టి ఉంటే నమ్మొచ్చు. భుజం మీదికొచ్చే పట్టీ మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి, సన్నటి పట్టీ చొక్కాలోంచి ఎముకకు దిగుతుంది.

కొత్త సంచి పట్టీని నేను ఒకసారి బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించాను. ఆయన దాన్ని రెండు చేతులా లాగి, దారాన్ని గోరుతో గీకి, “గిది మిషిన్ కుట్టు బిడ్డా. ఒక్క పోగు తెగితే లైనంత ఊడొస్తది. నేను చేతి కుట్టేస్త, ఒకటి తెగినా పక్కది పట్టుకుంటది” అన్నాడు. మైనం రాసిన దారం తీసుకుని, ఆరెతో పొడుస్తూ, రెండు కొసలూ ఎదురెదురుగా పంపుతూ నాలుగు అంగుళాలు కుట్టాడు. ఏళ్లయింది. సంచి లోపలి అస్తరు మార్చాను, జిప్పు మార్చాను, ఆ నాలుగు అంగుళాలు మాత్రం కదల్లేదు. కొత్త సంచి కొన్న రోజే ఇలా ఒక కుట్టు వేయించుకోవడం మేలు.

ఇంకో చిన్న మాట. ముదురు రంగు కొత్త తోలు చెమటకు రంగు వదులుతుంది. తెల్ల చొక్కా వేసుకుని పెళ్లికి పోయేముందు తడి గుడ్డతో సంచి వెనక రుద్ది చూసుకోండి.

తోలు సంచి మోయడానికి, దాచడానికి కాదు

ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. తోలు గాలిలోని చెమ్మను పీల్చుకుని పట్టి ఉంచుతుంది. చీకటి, చెమ్మ, కదలని గాలి మూడూ కలిసిన చోట బూజు పుడుతుంది. గాలిలో తేమ 70 శాతం దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే లెన్సు మీద బూజు మొలకెత్తుతుంది. మన నల్లగొండ జిల్లా ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయే ఉంటుంది కాబట్టి మనకేమీ కాదనుకుంటాం. వానకాలం మూడు నెలలు చాలు దానికి. బూజు వదిలే ఆమ్లం లెన్సు మీది పూతను తింటుంది. బూజును తుడిచినా గీతలు మిగులుతాయి.

నాకీ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఇంట్లో ఉన్న పాత కెమెరాను తోలు కేసులోనే పెట్టి, పదిలంగా ఉంటుందని బీరువాలో దాచాను. రెండు వానకాలాల తర్వాత తీసి చూస్తే లెన్సు లోపల సాలెగూడు లాంటి తెల్లటి దారాలు. పాత స్టూడియో నడిపిన ఒక పెద్దమనిషి దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి చూసి, “తమ్మీ, తోలు కేసుల పెట్టి తిరగాలె గని పండవెట్టొద్దు” అన్నాడు. ఆ రోజునుంచి ఇంటికి రాగానే కెమెరాను సంచిలోంచి తీసేస్తాను. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెడతాను. నీలం రంగు సిలికా జెల్ చెమ్మ పీల్చుకున్నాక గులాబీ రంగుకు, నారింజ రంగుది ఆకుపచ్చకు మారుతుంది. సన్నని సెగ మీద వేడి చేస్తే చెమ్మ పోయి మళ్లీ పనికొస్తుంది. బియ్యంలో పెట్టడం వద్దు, ఆ దుమ్ము జాయింట్లలోకి దూరుతుంది. ఖాళీ తోలు సంచిని మాత్రం గాలి ఆడేలా గుడ్డ సంచిలో వేలాడదీయండి, పాలిథిన్ కవరులో కట్టిపెట్టొద్దు.

కారు డిక్కీలో సంచి

మే నెలలో హైవే పక్కన ఎండలో ఆపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. తడిసిన పట్ట తోలు 70, 80 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది, మళ్లీ మామూలు కాదు. క్రోమ్ తోలు నీళ్లు మరిగే వేడి దాకా తట్టుకుంటుంది. పొడి తోలుకు అంత ప్రమాదం లేకపోయినా, లోపలి నూనె ఆరిపోయి పగుళ్లు వస్తాయి. హైదరాబాదు నుంచి నకిరేకల్ నూటపది కిలోమీటర్లు. దారిలో టీకి ఆగినప్పుడు సంచి భుజాన వేసుకునే దిగండి. వానలో తడిస్తే పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టాలి, ఎండలోనో పొయ్యి దగ్గరో పెట్టకూడదు. ఆరాక తేనెమైనం కలిసిన తోలు క్రీము పల్చగా రాయండి. రాసిన రెండు రోజుల దాకా కెమెరా లోపల పెట్టొద్దు.

ఛాయాచిత్రానికి ఛాయా సోమేశ్వరం

నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోళుల నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా పడుతూనే ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదు. గుడి ముందటి స్తంభాల మధ్య నుంచి పలు దిక్కుల వెలుతురు లోపలికి చేరేలా రాళ్లు పేర్చడంలో ఉంది ఆ కిటుకు. ఫోటోను ఛాయాచిత్రం అనే మన భాషలో, ఫోటో నేర్చుకునే పిల్లలు ముందు చూడాల్సిన గుడి అది. అక్కడికి పెద్ద సంచితో పోవద్దు. చెక్కడాల స్తంభాల నడుమ తిరుగుతున్నప్పుడు వీపు మీది సంచి రాయికి తగిలితే తోలు గీరుకోవడం ఒక్కటే కాదు, తొమ్మిది వందల ఏళ్ల చెక్కడం కూడా గీరుకుంటుంది. చిన్న తోలు సంచి, దాన్ని ముందుకు తిప్పుకుని, అందులో ఒక బాడీ, 50 ఎఫ్ 1.8 లెన్సు. లోపలి మసక వెలుతురుకు అవి చాలు.

నకిరేకల్ నిమ్మకాయ తోలు మరక పోగొడుతుంది

పట్ట తోలు సంచికి ఇనుప బకిల్ వేస్తే కొన్నాళ్లకు దాని చుట్టూ నల్లటి మరక దిగుతుంది. తోలులోని టానినూ ఇనుమూ తడిలో కలిసి చేసిన రంగు అది. పూర్వం కరక్కాయ రసంలో అన్నభేది కలిపి సిరా కాచిందీ ఇలాగే. తాళపత్రాల తర్వాత కాగితం మీదికి వచ్చిన మన రాతల్లో ఆ సిరా ఉంది. సంచి మీద మాత్రం అది మరకే. అందుకే మంచి సంచులకు ఇత్తడి బకిళ్లు వేస్తారు. ఇత్తడికి తోలులోని కొవ్వు తగిలి పచ్చటి చిలుము పడుతుంది గానీ అది పొడి గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇనుప మరక పడిందా, మన ఊరి మార్కెట్లోంచి ఒక నిమ్మకాయ తెచ్చుకోండి. తోలు పనివాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన చిట్కా ఇది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుని టానిన్ నుంచి విడదీస్తుంది, నలుపు కళ్లముందే తేలికపడుతుంది. దూదిని రసంలో ముంచి మరక మీద మాత్రమే అద్దాలి. నిమిషం రెండు నిమిషాల తర్వాత తడి గుడ్డతో రెండుసార్లు తుడిచి, నీడన ఆరనిచ్చి, క్రీము రాయాలి. పూత వేసిన తోలుకు, క్రోమ్ తోలుకు ఈ పని చేయొద్దు. పట్ట తోలుకైనా సరే, ముందు సంచి అడుగున కనపడని చోట ఒక చుక్క వేసి చూడండి.